సుట్టుముట్టు

ఎనిమిదేళ్ళుగా నా పరిశుద్ధ గ్రంథం అట్ట లోపల ఒక జిరాక్స్ కాగితం ఉంది. నాలుగు మడతలు పెట్టిన కాగితం. తక్కెడలో వేస్తే ముల్లు కూడా కదలదు. అయినా ఆదివారం పొద్దున ఆ గ్రంథం పట్టుకొని కోదాడలో మా మందిరం మెట్లెక్కుతుంటే ఎవరో నా చేయి పట్టి కిందికి లాగుతున్నట్టు ఉంటుంది. లోపలికి వెళ్ళగానే అందరూ లేచి నిలబడి ‘వందనాలు అయ్యగారూ’ అంటారు. నేను చేయెత్తి దీవిస్తాను. ఆ కాగితం మీద రాసిన చేయే అది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్ళకు చెప్పాలని చాలాసార్లు నోరు తెరిచాను. సూర్యాపేట సంఘం కాపరి, మా పెద్దయ్యగారి దగ్గరికి ఒకసారి అందుకే వెళ్ళాను. ఆయన దగ్గుతూ మందుసీసా అందుకోమన్నారు, అందించి వచ్చేశాను. నా భార్యకు చెప్పబోయాను, కుక్కర్ విజిల్ వేసింది. నిజంగా చెప్పాలనుకున్నవాడికి కుక్కర్ అడ్డమా?

నేను చేసింది ఒక్క అక్షరం మార్చడం. అంతే. ‘అంతే’ అని ఎన్నిసార్లు అనుకున్నానో.

అతన్ని సామేలు అని పిలుస్తాను. అసలు పేరు వేరు. సూర్యాపేటలో ఆటో నడిపేవాడు, బస్టాండు నుంచి మార్కెట్ యార్డు దాకా. నాకంటే ఆరేళ్ళు చిన్న. ఇద్దరం సూర్యాపేట సంఘంలోనే పెరిగాం, ఒకే చాప మీద కూర్చొని వాక్యాలు కంఠతా పట్టాం. తర్వాత నేను తెలుగు పండితుడినై కోదాడలో ఒక ప్రైవేటు బడిలో చేరాను. ఆదివారం మాత్రం పొద్దున్నే బస్సెక్కి సూర్యాపేట ఆరాధనకు వచ్చేవాణ్ణి. కోదాడలో ఉంటే నాలుక మారుతుంది. ఆంధ్ర పక్కనే కదా. ‘అయితది’ పోయి ‘అవుతుంది’ వస్తుంది. సంఘంలో వాక్యం చదవడానికి ఎప్పుడూ నన్నే నిలబెట్టేవారు. ‘అచ్చు వేసినట్టు సదువుతడు’ అనేవారు పెద్దయ్యగారు. ఆ మాట నాకు ఇష్టం. ఎంత ఇష్టమో అప్పట్లో నాకే తెలియదు.

చదవడం నాది. ప్రార్థన సామేలుది. అతను లేచి, కళ్ళు మూసుకొని, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు మొదలుపెట్టేవాడు. ‘సూడు తండ్రీ’ అని. ఎప్పుడూ అదే మొదలు. ‘సూడు తండ్రీ, శాంతమ్మక్కకు మోకాళ్ళు లేస్తలేవు. నువ్వు సూడకపోతే ఎవలు సూస్తరు?’ ముసలివాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకునేవాళ్ళు. నేను అచ్చు వేసినట్టు చదివినప్పుడు ఎవరి కళ్ళూ తడవలేదు.

ఆ ఏడాది కోదాడలో మా సంఘానికి కొత్త మందిరం లేచింది. రేకుల కప్పు, నాపరాళ్ళ నేల. దానికి ఒక కాపరి కావాలి. పెద్దయ్యగారు ఒకరోజు ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచి, ‘కోదాడకు సామేలును పంపుదమా అనుకుంటున్న. సదువు తక్కువనే. కానీ వాని ప్రార్థన పైకి పోతది’ అన్నారు. నేను ‘దేవుని చిత్తం’ అన్నాను. నవ్వుతూనే అన్నాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని నలభై అయిదు నిమిషాలు ఒకే మాట నమిలాను. మరి నాది? నాది ఎక్కడిదాకా పోతుంది?

అదే రోజుల్లో టీవీలో ఒక పోటీ వచ్చేది. ‘మళ్ళీ ఆ యుద్ధం’ దాని పేరు. ఏనాడో జరిగిన యుద్ధాన్ని కంప్యూటర్లో మళ్ళీ కట్టి చూపేవారు. కొండలు, ఏరు, ఏనుగులు, వేలమంది సైనికులు, అంతా తెర మీద కదులుతుంది. పోటీకి వచ్చిన జంటకు ఆ యుద్ధంలో ఓడిపోయిన పక్షాన్ని ఇస్తారు. ఓడినవాళ్ళను గెలిపించాలి, అదే ఆట. జంటలో ఒకరు సేనాని. మైకు ముందు నిలబడి నోటితో ఆజ్ఞలిస్తాడు, కంప్యూటరు విని సైన్యాన్ని నడుపుతుంది. రెండోవాడు వేగు. శత్రువు ఎక్కడున్నాడో పటం చూసి సేనానికి చెబుతాడు. వేగు చేతి దగ్గర ఒక ఎర్ర మీట ఉంటుంది. దాన్ని ఒక్కసారి నొక్కవచ్చు. నొక్కితే సేనాని గొంతు ఆగిపోయి, ఆజ్ఞలు వేగు నోటికి వస్తాయి.

సామేలుకు ఆ ఆటంటే పిచ్చి. సవారీలు లేనప్పుడు ఫోనులో చూస్తూ, ఆటో సీటు మీద వేలితో ఏరు గీసి, కొండ గీసి, ‘గీడ గుర్రాలు దాసిపెట్టాలె’ అనేవాడు. అతను చెప్పినట్టు ఆడి ఉంటే గెలిచేవాళ్ళే అని నాకు చాలాసార్లు అనిపించింది. దరఖాస్తు అతనే పెట్టాడు. తాను సేనాని, నేను వేగు. కొన్నాళ్ళకు పిలుపు వచ్చింది. ఏ యుద్ధమో ముందే తెలియజేశారు. ఏటి ఒడ్డున ఒక చిన్న సైన్యం, అవతల దానికి మూడింతలు. ఆ చిన్న రాజు పేరు ఇప్పుడు గుర్తు లేదు. ఓడినవాళ్ళ పేర్లు ఎవరికి గుర్తుంటాయి?

సామేలు ఒక్క రోజులో ఎత్తు వేశాడు. గుర్రాలన్నిటినీ కొండ చాటున ఆపి ఉంచాలి. శత్రువు ఏరు సగం దాటేదాకా కాల్బలం ఓర్చుకోవాలి. అప్పుడు గుర్రాలు కొండ చుట్టూ వచ్చి వెనక నుంచి చుట్టుముట్టాలి. గెలుపంతా ఆ ఒక్క ఆజ్ఞ మీద ఉంది.

పిలుపుతో పాటు ఒక కాగితం పంపారు. అందులో ఇరవై ఆజ్ఞలు అచ్చువేసి ఉన్నాయి. ప్రతి ఆజ్ఞ పక్కన ఒక ఖాళీ గీత. సేనాని ఈ మాటను ఎలా పలుకుతారో అలాగే రాయాలి, కంప్యూటరుకు అలాగే నేర్పుతాం, రాయని మాట అది వినదు అని కింద ఉంది. ముందురోజు సాధన లాంటిది ఏమీ ఉండదు. పోటీదారులు తడబడితేనే చూసేవాళ్ళకు సరదా కదా.

ఒక మధ్యాహ్నం మార్కెట్ యార్డు ఎదుట ఆటోలో కూర్చొని ఆ కాగితం నింపాం. ఆ పది నిమిషాలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

‘అన్నా, నువ్వే రాయి. నా రాత కోడి కెలికినట్టు ఉంటది.’

‘నువ్వు పలుకు, నేను రాస్తా. ముందుకు?’

‘ముంగటికి.’

‘వెనక్కి?’

‘ఎనక్కి. గట్లనే రాయి మల్ల. నీ బడి తెలుగు రాసేవు.’

‘చుట్టుముట్టు?’

‘సుట్టుముట్టు.’

‘చు.’

‘సు.’

‘చ రా, నాయనా. చక్కెరలో చ.’

‘సక్కెర్ల స.’ పకపకా నవ్వాడు. ‘ఏం జేస్తమన్నా, మా అమ్మ నాకు సక్కెరనే పెట్టింది. నువ్వు సెప్పే రకం కోదాడ దుకాణంల దొరుకుతదేమో.’

‘ఆటో తోలేవాడివి, సేనానివి ఎలా అయ్యావురా?’

‘గొర్లు కాసినోడు రాజు కాలేదా అన్నా? సండే స్కూల్ల సెప్పింది నువ్వే గదా!’

నేనూ నవ్వాను. ‘సుట్టుముట్టు’ అని రాశాను. దేవుడే సాక్షి, మొదట అలాగే రాశాను. అతను కింద సంతకం పెట్టాడు. అంతలో ఒక రైతు కందుల బస్తాతో వచ్చి ఆటో అడిగాడు. ‘జర జిరాక్స్ తీపించి పోస్టుల ఎయ్యన్నా’ అని నాకు కాగితం ఇచ్చి సామేలు వెళ్ళిపోయాడు.

జిరాక్స్ దుకాణం ముందు ఒక బల్ల ఉంది. దాని మీద కూర్చున్నాను. కరెంటు పోయింది, వచ్చేదాకా ఆగమన్నారు. పెన్ను నా చేతిలోనే ఉంది. ‘సు’ మీద ఒక గీత గీసి, పైన ‘చు’ అని రాశాను.

ఎందుకు? ఎన్నో ఏళ్ళు నాకు నేను చెప్పుకున్న జవాబు ఒకటుంది. పంతులును కదా, తప్పు కనిపిస్తే చేయి ఊరుకోదు, అలవాటుగా దిద్దాను. ఈ జవాబు చాలా రోజులు పనిచేసింది. కానీ అదే కాగితం మీద ‘ముంగటికి’ ఉంది, దాన్ని దిద్దలేదు. ‘ఎనక్కి’ ఉంది, దాన్నీ దిద్దలేదు. ఇరవై మాటల్లో ఒక్కదాన్నే నా చేయి ఎందుకు వెతుక్కుంది? ఓడిపోవాలని కోరుకున్నానా అంటే, అలా కూడా కాదనుకుంటాను. అతను అందరి ముందూ కాస్త తడబడాలి, నేను మీట నొక్కాలి, నా నోటితో గెలవాలి, పెద్దయ్యగారు టీవీలో చూడాలి. ఇంతవరకే అనుకున్నాను. ఇంతవరకే అనుకుంటే అది చిన్న పాపం అవుతుందా?

కరెంటు వచ్చింది. జిరాక్స్ తీయించాను. అసలు కాగితం పోస్టు చేశాను.

హైదరాబాదులో ఆ పెద్ద హాల్లో సామేలుకు అట్ట కిరీటం పెట్టి, భుజాన ఎర్ర గుడ్డ కప్పారు. పటం చూపడానికి నాకు ఒక కర్ర ఇచ్చారు. తెర మీద ఏరు మెరుస్తోంది. ఆట మొదలైంది. ‘ముంగటికి’ అన్నాడు, కాల్బలం కదిలింది. సామేలు చిన్నపిల్లవాడిలా నా వైపు చూసి నవ్వాడు. శత్రువులు ఏట్లో దిగారు. అతను ఆగాడు. జనం ఊపిరి బిగబట్టారు. సరిగ్గా సగం దాటాక, గొంతెత్తి, ‘సుట్టుముట్టు!’ అన్నాడు.

గుర్రాలు కదలలేదు.

‘సుట్టుముట్టు!’ మళ్ళీ అన్నాడు. ఇంకా గట్టిగా. మాట వినబడకపోతే ఎవరైనా చేసేది అదే కదా, గట్టిగా అనడం. కొండ చాటున గుర్రాలు తోకలాడిస్తూ నిలబడి ఉన్నాయి. ఇటు కాల్బలం పడిపోతోంది. బొమ్మలే. బొమ్మలని తెలుసు. అయినా ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ పడిపోయేవాళ్ళను చూడటం ఎలా ఉంటుందో చెప్పలేను. మూడోసారి అన్నాడు. యాంకర్ మైకు పట్టుకొని, ‘సేనాని గారూ, మీ గుర్రాలకు మీ భాష రాదాండీ?’ అన్నాడు. హాలంతా నవ్వింది.

నా వేలు మీట మీదే ఉంది. మొదటిసారి అన్నప్పుడూ అక్కడే ఉంది. కనీసం అతని చెవిలో ‘చు అను’ అని ఒక్క ముక్క అనవచ్చు. రెండడుగుల దూరం. సామేలు నా వైపు చూశాడు. నేను పటం వైపు చూశాను.

చెమటలు కక్కుతూ అతను చివరికి, ‘అరే, ఆళ్ళ ఎనక్కి పోండ్రి, ఎనక్కి!’ అని అరిచాడు. కంప్యూటరుకు అందులో తెలిసిన ముక్క ఒక్కటే దొరికింది. ‘ఎనక్కి’ అని పట్టుకుంది. మూడు వేల గుర్రాలు వెనుదిరిగి యుద్ధం విడిచి వెళ్ళిపోసాగాయి. జనం కుర్చీలు కొడుతూ నవ్వారు.

అప్పుడు నొక్కాను. ‘చుట్టుముట్టు’ అన్నాను. అచ్చు వేసినట్టు అన్నాను. గుర్రాలన్నీ ఒక్కసారిగా తిరిగి, కొండ చుట్టూ దుమ్ము రేపుకుంటూ వచ్చాయి. ఎంత అందంగా వచ్చాయో! కానీ కాపాడవలసినవాళ్ళు అప్పటికి ఎవరూ మిగలలేదు. ‘ఇదిగోనండీ, ఇదీ తెలుగంటే!’ అన్నాడు యాంకర్. ఓడిపోయాం. చప్పట్లు మాత్రం నాకు కొట్టారు. ఆ చప్పట్లు నాకు బాగున్నాయి. ఇది కూడా రాయాలి కదా. బాగున్నాయి.

తిరుగు బస్సు నకిరేకల్ దాటింది. కిటికీలోంచి సాయంత్రం ఎండ అతని మోకాళ్ళ మీద పడుతోంది. అప్పుడు అడిగాడు.

‘అన్నా, కాగితంల నేనన్నట్టే రాసినవ్ గదా?’

‘రాసిన’ అన్నాను.

కోదాడకు వెళ్ళాక నేను విడిచిపెట్టిన యాస అది. ఆ ఒక్క మాట మాత్రం అతని యాసలోనే అన్నాను. నమ్మించడానికేనా? చలిమంట దగ్గర తన ప్రభువును ఎరుగనన్న శిష్యుణ్ణి మూడుసార్లు అడిగారు. నన్ను ఒక్కసారే అడిగారు. ఒక్కసారి చాలింది.

‘అయితె నేనే ఏదో తప్పు పలికిన. బయానికి నాలుక తిరగలే.’ నా వైపు తిరిగి, ‘నీ ఇజ్జత్ గూడ తీసిన. మాఫ్ సెయ్యన్నా’ అన్నాడు.

‘పర్లేదులే’ అన్నాను. నేను అతన్ని క్షమించాను. అర్థమైందా మీకు? నేను, అతన్ని.

టీవీలో వచ్చాక ఆ ముక్క ఫోన్లలో తిరిగింది. అతను మూడుసార్లు అనడం, నేను ఒక్కసారి అనడం, రెండూ పక్కపక్కన పెట్టి. సూర్యాపేట బస్టాండు దగ్గర అతని పేరే మారిపోయింది. ‘ఓ సుట్టుముట్టూ, మార్కెట్‌కు వస్తవా?’ ‘సుట్టుముట్టన్నా, నీ ఆటోకైనా నీ మాట తెలుస్తదా?’ మొదట్లో అతనూ నవ్వేవాడు. ఒక ఆదివారం ఆరాధనలో ఎప్పటిలా ప్రార్థనకు లేచాడు. కళ్ళు మూసుకున్నాడు. ‘సూడు తండ్రీ’ అన్నాడు. వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. చిన్న నవ్వే. సామేలు అలాగే కొంతసేపు నిలబడ్డాడు. తర్వాత ఏమీ అనకుండా కూర్చున్నాడు. అతని గొంతు ఆ మందిరంలో మళ్ళీ వినబడలేదు. శాంతమ్మక్క ఒకసారి నన్నే అడిగింది, ‘బిడ్డా, సామేలుకు చెప్పు, నా మోకాళ్ళ గురించి ఎవలూ సరిగ అడుగుతలేరు’ అని. చెబుతానన్నాను.

కోదాడ మందిరానికి నన్ను పంపారు. ఆటో అమ్మేసి సామేలు దామరచర్లకు వెళ్ళాడని, కట్టుబడి పనిలో చేరాడని తర్వాత విన్నాను. సిమెంటు కలిపేచోట మాట్లాడే అవసరం తక్కువ కదా అని ఎవరో అన్నారు.

వాక్యంలో ఒక ఏటి రేవు ఉంది. ఓడి పారిపోతున్నవాళ్ళను అక్కడ ఆపి, ఒక మాట పలకమన్నారు. ఒక జనానికి ‘ష’ వస్తుంది, ఇంకో జనానికి ‘స’ మాత్రమే వస్తుంది. ‘స’ అన్నవాళ్ళను ఆ రేవులోనే చంపారు. సండే స్కూల్లో ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో. పిల్లలతో ఆ మాట పలికించి నవ్వించేవాణ్ణి కూడా. సామేలు విషయం జరిగాక ఆ పేజీ తెరవలేదు. పోయిన నెల మిర్యాలగూడలో చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసి కూడిక పెట్టుకున్నాయి. ప్రసంగం నాది. ఏ భాగం మీద మాట్లాడాలో నిర్వాహకులే నిర్ణయించి పంపారు. కవరు విప్పి చూశాను. ఆ రేవే.

రాననవచ్చు. వెళ్ళాను. సగం దాకా బాగానే మాట్లాడాను. ఆ మాట పలకవలసిన చోటికి వచ్చి తలెత్తితే, షామియానా చివర, చెప్పులు విడిచిన చోట, సామేలు కూర్చొని ఉన్నాడు. జుట్టు నెరిసింది. చేతులు సున్నంతో తెల్లగా పగిలి ఉన్నాయి. అక్కడే ఆగి గ్లాసు అందుకున్నాను. నీళ్ళు తాగాను. ఆ మాట పలకకుండానే దాటేసి, దీవెన చెప్పి ముగించాను. అయ్యగారు ఆత్మతో నింపబడి మాట్లాడలేకపోయారు అనుకున్నారు జనం.

కూడిక అయ్యాక అతనే నా దగ్గరికి వచ్చాడు. రెండు చేతులూ జోడించాడు.

‘వందనాలు అన్నా. నిన్ను చూచి చాలా చంతోషం.’

సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. ‘పిల్లలు ఎలా ఉన్నారు సామేలూ?’ అన్నాను.

‘చక్కగ ఉన్నరు అన్నా. చిన్నోడు చర్కారు బడిల చదువుతున్నడు.’

మెల్లగా, పళ్ళ మీద నాలుక ఆనించి, ప్రతి మాటా తూచి పలుకుతున్నాడు. ‘చ’ రావలసిన చోట ‘చ’. ‘స’ రావలసిన చోట కూడా ‘చ’. ఏ మాటలో ఏది ఉండాలో తెలియదు. తప్పయితే నవ్వుతారు. అందుకని అన్నిటికీ ‘చ’ పెట్టుకున్నాడు. ఎనిమిదేళ్ళు ఒక్కడే కూర్చొని నేర్చుకున్న తెలుగు అది. పంతులు నేనే.

‘ప్రార్థన చేస్తున్నావా?’ అని అడిగాను. ఎందుకు అడిగానో.

‘మనచులనే చేచ్కుంట అన్నా.’ తల వంచుకున్నాడు. ‘పైకి అనబుద్ధి కాదు. తప్పు పలికితే ఆయనకు గూడ అర్థం కావాలె గదా.’

గ్రంథం నా చంకలో ఉంది. కాగితం దాని అట్టలో ఉంది. తీసి చూపడానికి ఒక్క క్షణం పట్టేది. దామరచర్ల వ్యాను హారన్ కొట్టింది. ‘చరే అన్నా, చెలవు’ అని వెళ్ళిపోయాడు.

కుక్కర్, దగ్గు, హారన్. చూశారుగా.

చెబితే అతను క్షమిస్తాడని నాకు తెలుసు. అక్కడికక్కడే, నిలబడ్డపాటునే క్షమిస్తాడు. నా భయం అదే. ఆ తర్వాత నేను ఇంటికి వచ్చి అన్నం తింటాను. అతను మాత్రం ‘చంతోషం’ అనే అంటాడు. నేను చెప్పినంత మాత్రాన ఆ ‘స’ తిరిగి వస్తుందా? నువ్వు మాట్లాడింది సరిగ్గానే ఉండేది, దేవుడికి అర్థమయ్యేది అని ఎవరు అతన్ని నమ్మించగలరు? నేనా? ‘రాసిన’ అన్న నోటితోనా? మందిరం దిగిపోవాలి. దిగలేదు. మొన్న ఆదివారం కూడా చేయెత్తి దీవించాను. వచ్చే ఆదివారం ఏం చేస్తానో మీకు మాట ఇవ్వలేను. నా మాట ఎంతో ఇప్పటికి మీకు తెలుసు.

ఇది రాస్తూ ఆ జిరాక్స్ విప్పి బల్ల మీద పెట్టుకున్నాను. మడతల దగ్గర చిరిగింది. ‘ముంగటికి’ ఉంది. ‘ఎనక్కి’ ఉంది. పదమూడో వరసలో అడ్డగీత కింద ‘సు’ ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది. అది సామేలు పలికింది. పైన ఉన్న ‘చు’ నాది. ఆ గీత నాది. ఈ మాట ఇన్నేళ్ళలో దేవుని ఎదుట కూడా పైకి అనలేదు. ఇప్పుడు రాసేశాను.

చేయి కొంచెం తేలికగా ఉంది. అంతే.